ఎండగంటి మాట

పొద్దున పదీ నలభైకి పెన్నోబిలేసు ఈల ఊదాడు. ఆ ఈల కోసమే కాచుకుని ఉన్న నల్లగుట్లపల్లె ఆడవాళ్ళు చాపలు చంకన పెట్టుకుని, చేటలు నెత్తిన పెట్టుకుని బడి వెనకున్న ఖాళీ జాగాకు బయలుదేరారు. మగవాళ్ళూ బయలుదేరారు గాని వాళ్ళ చేతుల్లో ఏమీ లేవు. ఎండబెట్టడానికి ఏమీ లేనివాళ్ళు ఎండపూటకు ఎందుకొస్తారని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు.

"ముందు కొనింటోళ్ళు పరుచుకోండి. తక్కినోళ్ళు గీతకు ఈ పక్కనే నిలబడల్ల," అన్నాడు పెన్నోబిలేసు, జాగా చుట్టూ గీసిన సున్నపు గీత చూపించి.

ఊరి కొనన, కాలువ దాటాక ఉండే చిట్టచివరి ఇల్లు ఈరక్కది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఎవరూ తొందరపెట్టలేని తీరులో వచ్చి, తడిపిన పంచె పరిచి, గిన్నెలోని పిండితో సండిగలు పెట్టడం మొదలుపెట్టింది. కోస్తావాళ్ళ వడియాలే ఇక్కడ సండిగలు. అయితే ఈరక్క ముందర ఆ మాట అంటే ఊరుకోదు. వడియాలు వడియాలే, సండిగలు సండిగలే అంటుంది.

పెన్నోబిలేసు స్తంభానికున్న మీట కిందికి లాగాడు. తలల మీద నలభై అడుగుల ఎత్తున నాలుగు నింగిపలకలు కిర్రుమంటూ పక్కకు ఒరిగాయి. నలుచదరంగా ఒక ఎండ ముక్క నేల మీద పడింది. అందరూ ఒక్కసారి కళ్ళు చికిలించి, "అబ్బా" అనుకుని, ఎవరి చోట వాళ్ళు కూలబడ్డారు.

ఆ ఊరికి ఎండంటే అంతే. ఇరవయ్యారేళ్ళ కిందట విద్యుత్ సంస్థ వచ్చి ఇరవై వేల ఎకరాల మీద పందిరి వేసింది. పొలాలు ఎవరివి వాళ్ళకే వదిలేసి ఆకాశాన్ని మాత్రం కౌలుకు తీసుకుంది. వేరుశెనగకు ఎంత వెలుతురు కావాలో అంత జల్లెడ పట్టి కిందికి వదలడం, తక్కినదంతా కరెంటు చేసి పట్నాలకు పంపడం నింగిపలకల పని. వాన కూడా వాటి మీద పడి గొట్టాల్లోంచి చెరువుకు పోతుంది. అందుకని గొడుగు అంటే ఏమిటో బడిపిల్లలకు బొమ్మ చూపించి చెప్పాల్సి వస్తోంది. మే నెలలో కూడా ఎవరికీ చెమట పట్టదు.

ఈ పందిరినంతా నడిపే యంత్రబుద్ధికి పొద్దుమతి అని పేరు. ప్రతి ఇంటి గోడలోనూ, పూర్వం దీపం పెట్టుకునే గూడంత, ఒక మాటగూడు ఉంటుంది. పలకల గురించి ఏ ఇబ్బంది ఉన్నా దాంట్లో చెబితే పొద్దుమతి వింటుంది, రాసుకుంటుంది, బాగు చేయిస్తుంది.

ఒప్పందం రోజున ఊరివాళ్ళు పట్టుబట్టి రాయించుకున్నది ఒక్కటే, రోజుకు రెండు గంటల ఎండపూట. ఎండ పారే జాగాకు ఎండమడి అని పేరు పెట్టుకున్నారు. మడి అన్నాక వంతులుంటాయి, వంతులున్నాక తగాదాలుంటాయి. కాబట్టి, ఒకప్పుడు చెరువు నీళ్ళు పంచిన నీరుగంటి ఇంటి నుంచి, అందరూ ఓబులేసు అనే పెన్నోబిలేసును పిలిచి ఎండగంటిని చేశారు. అతని తాత ఎప్పుడూ కాలువకు చిట్టచివరనున్న కొనమడికే ముందు తడి పెట్టించేవాడు. ఆయన తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు. ఆయన అబద్ధమాడగా విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు మరి. యాభై ఆరేళ్ళ పెన్నోబిలేసుకు ఆస్తి కింద దక్కింది ఆ మంచిపేరే. దాన్ని పగలకుండా పట్టుకుని తిరుగుతున్నాడు.

ఆ రోజు ఎండమడి దగ్గరికి సంస్థ ఇంజనీరు హిమజ వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, కోస్తా వైపు మనిషి, చేతిలో ట్యాబు. కాసేపు అటూ ఇటూ చూసి, ఒళ్ళో కట్టె పెట్టుకున్న ఈరక్క పక్కన కూర్చుంది.

"ఆ కట్టె ఎందుకండీ?"

"కాకుల్ని తోలేకి," అంది ఈరక్క.

హిమజ తల పైకెత్తి చూసింది. పలకల మీద రెట్టలు వేస్తున్నాయని సంస్థ పదకొండేళ్ళ కిందటే స్తంభాలకు పక్షితోలు బూరలు బిగించింది. వాటి మోత మనుషులకు వినపడదు, పక్షులకు మాత్రం భరించరానంతగా వినపడుతుంది. "కాకులు లేవు కదండీ?"

"కట్టె ఉండాది కాబట్టే రాల్యా."

హిమజ లేచి పెన్నోబిలేసును పక్కకు పిలిచి వచ్చిన పని చెప్పింది. ఒప్పందంలో 'అవసరం ఉన్నంత వరకు' అనే మాట ఉంది. ఇప్పుడు ప్రతి ఇంట్లో కరెంటుతో ఎండబెట్టే ఆరుపెట్టె ఉంది. మిరపకాయలు గంటలో, సండిగలు నలభై నిమిషాల్లో ఎండుతాయి. ఒంటికి కావలసిన ఎండ సత్తువ ఇంటి దీపాల్లోనే ఉంది. కాబట్టి ఎండమడి అవసరం తీరిపోయిందని పొద్దుమతి తేల్చింది. మడి మూసేస్తారు. ఎండగంటి పదవీ ఉండదు.

ఊరివాళ్ళు మెల్లగా చుట్టూ చేరారు.

"మరి రుచి?" అన్నాడు పెన్నోబిలేసు.

"రుచిలో తేడా లేదని పొద్దుమతి అంటోందండీ."

ఊరంతా నవ్వింది. ఆ నవ్వు చూసి పెన్నోబిలేసుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తర్వాత నెల రోజులు తలుచుకుని తలుచుకుని తల బాదుకున్న మాట అప్పుడే అన్నాడు. "ఆ మాట చెప్పాల్సింది మీ పొద్దుమతి కాదమ్మా, మా ఈరక్క నాలిక. కండ్లకు గుడ్డ కట్టినా తన సండిగ ఏదో తాను చెప్పేస్తాది. చెప్పలేదంటే మడి మూసుకోండి, మేం అడ్డం రాము."

"ఎవర్ని అడిగి నా నాలిక పందెం కాసినావురా?" అంది ఈరక్క. అన్నదే గాని, వద్దనలేదు. లోపల్లోపల ఆమెకూ ముచ్చటగానే ఉంది.

నాలుగో రోజు పరీక్ష జరిగింది. ఒకే పిండి, ఒకే చెయ్యి. సగం ఆరుపెట్టెలో ఎండాయి, సగం మడిలో ఎండాయి. బడి వంటామె ఒకే నూనెలో వేయించి రెండు పళ్ళేల్లో పెట్టింది. ఏది ఏదో పళ్ళెం అడుగున రాసి ఉంది. ఈరక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది.

మొదటి పళ్ళెంలోది ఒకటి నమిలింది. నీళ్ళు పుక్కిలించింది. రెండో పళ్ళెంలోది కొరికింది. కరకరమని ఊరంతటికీ వినపడింది. ఆమె మొహం విచ్చుకుంది.

"ఇదీ నాది. ఎండంటే ఇది. ఆ మొదటిది మిషిన్ది, చెప్పు తోలు నమిలినట్టుండాది. అయినా మిషిన్ని ఏమనుకుంటాం, దానికేం తెల్సు పాపం."

హిమజ రెండో పళ్ళెం తిరగేసి చూసింది. చూసి, అది ఎవరికీ చూపించకుండా అలాగే ఒళ్ళో పెట్టుకుంది. కానీ ఆ పిల్ల మొహం చూస్తే చదువురాని వాళ్ళకు కూడా అర్థమైంది.

ఈరక్క లేచి, కట్టె తీసుకుని, కాలువ దాటి ఇంటికెళ్ళిపోయింది. పోతూ పోతూ పెన్నోబిలేసు వైపు ఒక చూపు చూసింది. అది చూశాక అతనికి ఆ రాత్రి అన్నం సహించలేదు. పదవి పోయినందుకు కాదు. డెబ్బై రెండేళ్ళు ఊళ్ళో తలెత్తుకు తిరిగిన మనిషిని నలుగురిలో నిలబెట్టి పరువు తీశాడు. అందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాటి నుంచి పలకలు ఒరగలేదు.

వారం రోజులు ఊరు నిమ్మళంగా ఉన్నట్టే కనిపించింది. ఎవరిళ్ళలో వాళ్ళు ఆరుపెట్టెలు మోగించుకున్నారు. పెట్టె దగ్గర కాపలా అక్కర్లేదు. కాపలా లేకపోతే కూర్చునే పని లేదు. పనేమీ లేకుండా రెండు గంటలు ఒకచోట కూర్చోవడం నల్లగుట్లపల్లెలో ఎవరికీ చేతకాదు, సిగ్గుచేటు కూడా. సండిగలు ఎండుతున్నాయి కాబట్టి కూర్చున్నామనే సాకు పోయేసరికి, కూర్చోవడమే పోయింది.

నోట్లోని మాటలు మాత్రం ఎక్కడికి పోతాయి? మాటగూట్లోకి పోయాయి.

మొదట ఎవరో, "మా ఇంటి మీద పలక కిర్రుమంటాంది," అని ఫిర్యాదు చెప్పారు. ఎప్పటి నుంచి అని పొద్దుమతి మర్యాదగా అడిగింది. "మా కోడలు పుట్టింటికి పోయినప్పటి నుంచి," అని జవాబు. కోడలు ఎందుకు వెళ్ళారని అడిగింది. ఫిర్యాదును పూర్తిగా తెలుసుకోవాలని దానికి నియమం. ఆ ఒక్క ప్రశ్న చాలు. ఇంతకాలం తాము చెప్పేది మధ్యలో అడ్డు రాకుండా విని, ఆ తర్వాత ఏమైందని అడిగిన ప్రాణి ఆ ఊళ్ళో మరొకటి లేదు. పది రోజులు తిరిగేసరికి మూడు వందల ఇళ్ళూ గూటి ముందర పీట వేసుకుని కూర్చున్నాయి.

విన్నంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పొద్దుమతి ఫిర్యాదును విని ఊరుకునే రకం కాదు. పరిష్కరిస్తుంది. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వాళ్ళకు నోటీసు పంపుతుంది.

పెన్నోబిలేసుకు వచ్చిన నోటీసు ఇలా ఉంది: "నల్లగుట్లపల్లె, కాలువ అవతలి గృహం నుండి శ్రీమతి ఈరక్క గారు మీపై నమోదు చేసిన ఫిర్యాదు. 'వాడు మా ఓబులేసు కాదు, వట్టి దద్దమ్మ. వాని నోట్లో మన్ను పడ.' ఇందుపై మూడు రోజుల్లో వివరణ ఇవ్వగలరు. మన్ను విషయమై క్షేత్ర పరిశీలన జరుగును."

అతను నోటీసు పట్టుకుని బయటికొస్తే వీధి వీధంతా నోటీసులతో నిలబడి ఉంది. కోడలు ఉప్పు తక్కువేస్తుందని అత్త అన్న మాట తేదీ, సమయంతో సహా కోడలి చేతిలో ఉంది. అత్త నిద్రలో గురక పెడుతుందని కోడలు అన్న మాట అత్త చేతిలో ఉంది. తన వియ్యంకుడి నడక బాతు నడకలా ఉంటుందని ఒకాయన సరదాకు అంటే, ఆ వియ్యంకుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని నాలుగు రోజులుగా ఇల్లు కదలడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే చేటలో మిరపకాయలు ఆరబెట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు మధ్యలో గోడ కట్టుకుంటామంటున్నారు. ఊళ్ళో ఎక్కడ చూసినా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

హిమజకు కూడా నోటీసు తప్పలేదు. "పిల్ల మంచిదే గాని సరిగ్గా తింటున్నట్టు లేదు" అని పదకొండు ఇళ్ళ నుంచి ఒకే రకం ఫిర్యాదు. ఆమె ఆ నోటీసుతోనే పెన్నోబిలేసును స్తంభం కింద ఉన్న తన గదికి పిలిపించింది. ఆ పిల్ల కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఓబులేసు గారూ, మడి మూసి మిగిల్చిన కరెంటుకు మూడింతలు ఈ మాటలు వినడానికే అయిపోతోంది. అది పోనివ్వండి. పందిరి వేసిన ఇరవయ్యారేళ్ళలో ఈ ఊళ్ళో ఒక్క తగాదా పోలీసు స్టేషను దాకా వెళ్ళలేదు. నిన్న ఒక్కరోజే నాలుగు వెళ్ళాయి. వీళ్ళ మధ్య ఇంత పగ ఉందని మీకు ముందే తెలుసా?"

"పగ ఎక్కడిదమ్మా?" అన్నాడు పెన్నోబిలేసు. "మడిలో కూడా ఇవే మాటలు. మా కోడలు ఉప్పు తక్కువేస్తాదని ఒకామె అంటే, మా కోడలు అసలు వేయనే వేయదని పక్కామె అనేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పూటయినాక చాప దులిపితే ఆ మాట కూడా ఆడనే రాలిపోయేది. మీ పొద్దుమతికి అన్నీ వస్తాయి గాని, దులిపేది రాదు."

హిమజ గోడలోని మాటగూడు వైపు తిరిగింది. "పొద్దుమతీ, విన్నావా?"

"విన్నాను," అంది పొద్దుమతి. దానికి అలసట ఉండదంటారు గాని, ఆ గొంతు మాత్రం అలసిపోయినట్టే ఉంది. "ఎండమడి తెరవడం మేలని నా అంచనా కూడా. అయితే కారణం రాయాలి. సండిగలు ఎండడం అనే కారణం పరీక్షలో వీగిపోయింది."

పెన్నోబిలేసు తల గోక్కున్నాడు. "కాపలా అని రాయి."

"దేని నుంచి?"

"కాకుల నుంచి."

"పందిరి కింద కాకులు లేవు." కాస్త ఆగి అడిగింది. "తెప్పించనా?"

హిమజ నోరు వెళ్ళబెట్టింది. పెన్నోబిలేసు మాత్రం ఏమాత్రం తొణకలేదు. "తెప్పించు. ఇంకొక మాట. మడిలో నీకు చెవి ఉండగూడదు, కన్ను ఉండగూడదు. గీత అవతల ఏమన్నా రాసుకో, గీత ఇవతల మాది."

"ఆ జాగాలో ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది?"

"తెలియదు," అన్నాడు పెన్నోబిలేసు. "అదే పద్ధతి."

మడి చుట్టూ ఉన్న స్తంభాలకు పక్షితోలు బూరలు ఆపేశారు. పంపిన నోటీసులన్నీ రద్దయ్యాయని ఇంటింటి గూట్లో వినిపించారు. మర్నాడు పదీ నలభైకి పెన్నోబిలేసు ఈల ఊదాడు. ఊది, దారి వైపు చూశాడు. ఎవరూ రాకపోతే?

వచ్చారు. మొహాలు ముడుచుకుని, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా వచ్చారు. ఈరక్క కూడా వచ్చి, ఓబులేసు అక్కడ లేనట్టే నడిచి, తన చోట రెండు పంచెలు పరిచింది. ఒకదాని మీద తడి సండిగలు పెట్టింది. రెండోదాని మీద ఆరుపెట్టెలో ఎప్పుడో ఎండిపోయిన సండిగలు పోసి, అవి కూడా ఇంకా ఎండాలన్నట్టు చేత్తో సర్దింది. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న అక్కచెల్లెళ్ళిద్దరూ ఎండిన మిరపకాయలనే మళ్ళీ ఎండబోశారు. తెలియకుండానో తెలిసో, ఒకే చేటలో పోశారు.

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా కాకి వచ్చింది.

పలకల సందులోంచి దిగి, అటూ ఇటూ చూసి, ఈరక్క రెండు పంచెల మధ్య వాలింది. పదకొండేళ్ళుగా కట్టె పట్టుకుని కాచుకున్న ఈరక్కకు కట్టె ఎత్తాలని గుర్తే రాలేదు. చిన్నప్పుడు తప్పిపోయిన బంధువును చూసినట్టు చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి కారాయి. కాకి తల వంచి, ఒక సండిగ ముక్కున కరుచుకుని, వచ్చిన దారినే ఎగిరిపోయింది.

వియ్యంకుడు అడిగాడు. నాలుగు రోజులు ఇల్లు కదలని ఆ మనిషే అడిగాడు. "ఇంతకూ అది దేంట్లోది తీసుకపాయ? ఎండలోదా, పెట్టెలోదా?"

అంతే. మడి మొత్తం భగ్గున లేచింది. ఎండలోదేనని సగం మంది, పెట్టెలోదేనని సగం మంది. నువ్వు అప్పుడు అటు తిరిగి ఉన్నావని ఒకరు, నీకు చత్వారమని ఒకరు. అత్త ఎండ పక్షం, కోడలు పెట్టె పక్షం. కాసేపటికి ఇద్దరూ కలిసి పొరుగామెను ఓడించడానికి ఒకే పక్షం అయిపోయారు. బాతు నడక నడిచి కాకి ఎలా వచ్చిందో వియ్యంకుడు చూపిస్తుంటే, మొదట ఆ మాట అన్నవాడే పొట్ట పట్టుకుని నవ్వాడు. హిమజ గీత మీద నిలబడి, ఎవరో చేతిలో పెట్టిన జొన్నరొట్టె తింటూ చూస్తోంది.

చివరికి అందరి మొహాలూ పెన్నోబిలేసు వైపు తిరిగాయి. స్తంభం దగ్గర నిలబడ్డవాడికి బాగా కనపడి ఉంటుంది. పైగా ఎండగంటి. నీరుగంటి మనుమడు. అతని మాటకు అప్పీలు లేదు.

అతను చూశాడు. స్పష్టంగా చూశాడు. కాకి ఎండలోని సండిగల వైపు ఒకసారి తల తిప్పి, వద్దనుకుని, పెట్టెలోవాటి దగ్గరికి గెంతి, వాట్లోంచే తీసుకుంది. గీత లోపల పొద్దుమతికి కన్ను లేదు. తనొక్కడే సాక్షి. తాతకూ తండ్రికీ ఎన్నడూ అవసరం రాని పని ఇప్పుడు తనకు వచ్చిపడింది. ఈరక్క అతని వైపు చూడకుండా, పంచె అంచు సరిచేస్తూ కూర్చుంది.

"ఎండలోది," అన్నాడు పెన్నోబిలేసు.

గెలిచినవాళ్ళు కేకలు పెట్టారు. ఓడినవాళ్ళు ఆ కాకికే రుచి తెలియదన్నారు. ఎండపూట అయిపోయింది. మీట ఎత్తే వేళ దాటి పావుగంటైనా అతను ఈల ఊదలేదు. ఎవరూ లేవనూ లేదు.

అందరూ చాపలు దులిపి వెళ్ళాక ఈరక్క మిగిలింది. కట్టె ఊతంగా లేచి, నెల రోజుల తర్వాత మొదటిసారి అతనితో మాట్లాడింది.

"ఒరే ఓబులేసూ, తువ్వాల పట్టు."

పట్టాడు. ఆమె ఒక పంచె మీదివి దోసిటికెత్తి అతని తువ్వాలులో పోసి, ముడి వేయమని సైగ చేసింది.

"పెట్టెలోవి ఇచ్చినా," అంది ఈరక్క. "అవే బాగా పొంగుతాయి."